చివరి పేజీ తిప్పకముందే



డిటెక్టివ్ నవలలు చదివేవాళ్ళు రెండు రకాలు. మొదటి రకంవాళ్ళు, రెండో అధ్యాయంలో శవం కనపడగానే గబుక్కున చివరి పేజీ తిప్పి, హంతకుడి పేరు చూసుకుని, గుండె కుదుటపడ్డాక తాపీగా మొదటినుంచీ చదువుకుంటారు. రెండో రకంవాళ్ళు పంతం గలవాళ్ళు. ఎవరైనా పొరపాటున దొంగ పేరు చెప్పబోతే చెవులు మూసుకుంటారు. “డిటెక్టివ్ చెప్పేలోపల నేనే చెప్తాను చూడు” అంటారు. ఇవాళ నేను మాట్లాడబోయేది ఈ రెండో రకంవాళ్ళ గురించి.

పెద్దవాళ్ళు ఈ నవలల్ని కాలక్షేపం బఠాణీలని తీసిపారేస్తుంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. కాని, ముగింపు రాకముందే మన తీర్పు మనం చెప్పుకోవాలన్న ఆ పంతం ఉంది చూశారూ, దానికి చరిత్ర ఉంది. మన నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో ఆ చరిత్ర ఒక విచిత్రమైన మలుపు తిరిగింది కూడా. ఇక్కడ ఒకప్పుడు సర్కారువారి అనుమానమంతా పుస్తకం చదివే మనిషి మీదే! అనుమానితులుగా మొదలైనవాళ్ళం పరిశోధకులం అయ్యామన్నమాట. ఆ సంగతి తరువాత చెప్తాను. ముందు మన ఇళ్ళలోంచే మొదలుపెడదాం.

కథ మధ్యలో ఆపి “ఇప్పుడు చెప్పండి” అని అడగడం మనకు ఇంగ్లీషువాళ్ళు నేర్పింది కాదు. బేతాళుడు విక్రమార్కుడి భుజం మీద కూర్చుని చేసిన పని అదే గదా! కథంతా చెప్పి, చివర ప్రశ్న వేసి, తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందన్నాడు. ఈ బేతాళ కథలు పదకొండో శతాబ్దంనాటి సోమదేవుడి కథాసరిత్సాగరంలో ఉన్నాయి. దానికి మూలమైన బృహత్కథను రాసిన గుణాఢ్యుడు శాతవాహన రాజు కొలువులో ఉండేవాడని ప్రతీతి. అంటే దక్కను దేశపు సొత్తేనన్నమాట. ఇక మర్యాద రామన్న కథలు తెలియని తెలుగిల్లు ఉండదు. పల్లెల్లో చెప్పుకునే పుల్లల కథ గుర్తుందా? అనుమానితులందరికీ సమానమైన పుల్లలిచ్చి, దొంగ చేతిలోది తెల్లారేసరికి అంగుళం పెరుగుతుందని చెప్తాడు న్యాయాధికారి. దొంగ భయపడి తన పుల్లను అంగుళం విరుచుకుంటాడు. కథ చెప్పే అవ్వ ఇక్కడే ఆగుతుంది. “చెప్పుండ్రి మరి, పొద్దుగాల ఎవని పుల్ల పొట్టిగుంటది?” అంటుంది. పిల్లలు ఆలోచించి చెప్తారు. చెప్పగలిగిన పిల్లకు ఆ పూట రాజమర్యాదే!

అయితే ఈ పాత కథల్లో ప్రశ్న ఒక్కటే. ఆధారాలు పోగుచేసుకునే పని వినేవాళ్ళకు లేదు. మూడు నాలుగు వందల పేజీల్లో ఆధారాల్ని చల్లి, “ఏరుకో, నీ తెలివి చూస్తాను” అనడం పందొమ్మిదో శతాబ్దంలో మొదలైంది. 1841లో అమెరికాలో ఎడ్గార్ ఎలన్ పో రాసిన ఒక పారిస్ హత్య కథ ఈ జాతి కథలకు మొదటిదని చెప్తారు. తమాషా ఏమిటంటే, ఆ ఏడాదే ఆ పోగారు పాఠకుడిగా కూడా ఒక ఘనకార్యం చేశాడు. ఇంగ్లండులో చార్లెస్ డికెన్స్ ‘బార్నబీ రడ్జ్’ అనే నవలను భాగాలుగా వెలువరిస్తున్నాడు. అందులో పాత హత్య ఒకటుంది. మొదటి భాగాలు మాత్రమే చదివి, హంతకుడు ఎవరో పో పత్రికలో ముందుగానే రాసేశాడు. మిగతా వివరాల్లో కొన్ని తప్పినా అసలు మనిషిని పట్టుకున్నాడు. అచ్చులో ముందుగా తీర్పు చెప్పిన పాఠకుల్లో ఆయనది తొలి పీట.

అదే డికెన్స్ 1870లో ‘ఎడ్విన్ డ్రూడ్’ అనే రహస్య నవల రాస్తూ సగంలో చనిపోయాడు. చివరి పేజీయే లేని నవల! ఇంక పాఠకులు ఊరుకుంటారా? నేటికీ ఎవరి ముగింపు వారు చెప్తూనే ఉన్నారు. 1914లో లండనులో డికెన్స్ అభిమానులు ఏకంగా ఒక ఉత్తుత్తి కోర్టు పెట్టి ఆ నవలలో అనుమానితుణ్ణి విచారించారు. జడ్జీగా చెస్టర్‌టన్, జ్యూరీ పెద్దగా బెర్నార్డ్ షా కూర్చున్నారు. పెద్ద పెద్దవాళ్ళు కూడా ఇలాంటి పిల్లచేష్టలు చేశారని మనకు కొంచెం ధైర్యం.

ఇప్పుడు మనకు బాగా దగ్గరగా వచ్చే నవల ఒకటి చెప్తాను. పేరు ‘మూన్‌స్టోన్’. రాసినవాడు విల్కీ కాలిన్స్. 1868లో డికెన్స్ పత్రికలోనే వారం వారం వచ్చింది. ఇంగ్లీషులో మొట్టమొదటి గొప్ప డిటెక్టివ్ నవల ఇదేనని కవి ఎలియట్ మెచ్చుకున్నాడు. దగ్గరగా వస్తుందని ఎందుకన్నానంటే, కథ మొదలయ్యేది 1799లో, శ్రీరంగపట్నం ముట్టడిలో. టిప్పు సుల్తాను మీదికి ఇంగ్లీషువాళ్ళు వెళ్ళినప్పుడు మన నిజాం సైన్యం కూడా వాళ్ళ పక్షాన ఉన్నదని చరిత్రలో చదువుకున్నాం. ఆ దోపిడిలో ఒక ఇంగ్లీషు అధికారి దేవుడికి చెందిన పచ్చటి వజ్రాన్ని కాజేస్తాడు. వజ్రం కోసం హత్యలు, శాపాలు అంటే మనకు వింత కాదు. నల్లగొండ, పాలమూరు జిల్లాల దక్షిణపు సరిహద్దు వెంట పారే కృష్ణమ్మ ఒడ్డునే గదా లోకప్రసిద్ధమైన గోలకొండ వజ్రాలు దొరికింది!

ఆ వజ్రం ఇంగ్లండులో ఒక అమ్మాయికి పుట్టినరోజు కానుకగా చేరుతుంది. ఆ రాత్రే మాయమవుతుంది. ఇంట్లో అతిథులున్నారు, బంధువులున్నారు, పనివాళ్ళున్నారు. ఇంటి చుట్టుపక్కల ముగ్గురు హిందూదేశపు మనుషులు గారడీవాళ్ళ వేషంలో తిరుగుతున్నారు. ఇంట్లో ఒక పనిపిల్ల ఉంది. పాపం, ఒకప్పుడు దొంగతనం చేసి శిక్ష అనుభవించి వచ్చిన పిల్ల. ఇప్పుడు చెప్పండి, ఆ ఊరి పోలీసులు మొదట ఎవరిని పట్టుకుని ఉంటారు? మీరు అనుకున్నది సరే. ఆ ముగ్గురు పరదేశుల్ని పట్టుకుని లోపల వేశారు. తరవాత అనుమానపు కళ్ళన్నీ పనిపిల్ల మీదికి తిరిగాయి. తీరా చూస్తే, ఆ రాత్రి ఆ వజ్రాన్ని తీసినవాళ్ళు ఆ పరదేశులు కారని కథ సగానికి రాకముందే తేలిపోతుంది. మరెవరు తీశారంటారా? అది నేను చెప్పను. చదవనివాళ్ళ నోటి దగ్గర కూడు లాక్కున్నట్టవుతుంది.

కాని ఒక్క ఆధారం మాత్రం చెప్తాను. అది ఆడవాళ్ళ కంటికి ముందు ఆనే ఆధారం. వజ్రం ఉన్న గది తలుపుకు కొత్తగా రంగు వేశారు. ఆ రంగు ఒకచోట చెరిగి ఉంది. స్థానిక పోలీసు అధికారి “ఆడవాళ్ళ పావడాలు తగిలి ఉంటాయి, చిల్లర సంగతి” అని కొట్టిపారేస్తాడు. లండను నుంచి వచ్చిన సార్జెంటు కఫ్ అనే డిటెక్టివ్, గులాబీమొక్కల పిచ్చివాడు, దానినే పట్టుకుంటాడు. తన అనుభవంలో చిల్లర సంగతి అనేదే లేదంటాడు. రంగు ఎప్పటికి ఆరుతుందో లెక్కవేస్తాడు. తరవాత ఏమడుగుతాడో తెలుసా? ఇంట్లో బట్టలు ఉతకడానికి వేసిన పద్దు పుస్తకం! మన చాకలి పద్దే. ఎవరి బట్టకు రంగు అంటిందో, ఎవరి బట్ట లెక్కకు రాలేదో చూడడానికి. ఇంత పెద్ద వజ్రం కథ చివరికి చాకలి పద్దు దగ్గరకు వచ్చి ఆగింది చూశారా! వారానికి ఎన్ని జతలు వేశాం, ఎన్ని తిరిగొచ్చాయి, ఏ దుప్పటి రాలేదు అని వేళ్ళ మీద లెక్కపెట్టే ఇల్లాలు ఆ సార్జెంటుకు ఏ విధంగా తీసిపోతుంది?

ఆ నవల వారం వారం వస్తుంటే, కొత్త సంచిక కోసం ఆఫీసు బయట జనం గుమిగూడేవారట. వజ్రం చివరకు ఎక్కడ దొరుకుతుందోనని పందాలు కాసేవారట. అదిగో, అలా పుట్టింది పాఠకుల పంతం.

ఈ పంతాన్ని సొమ్ము చేసుకుందామని 1905లో ఎడ్గార్ వాలెస్ అనే ఆయన బయల్దేరాడు. ‘నలుగురు న్యాయమూర్తులు’ అనే అర్థం వచ్చే పేరుతో నవల అచ్చువేసి, అందులో హత్య ఎలా జరిగిందో కనుక్కున్నవాళ్ళకు 500 పౌండ్ల బహుమానం అని ప్రకటించాడు. సరైన జవాబు పంపినవాళ్ళు ఎంతమంది ఉన్నా ఒక్కరికే ఇస్తానని రాసుకోవడం మరిచిపోయాడు. సరైన జవాబులు కుప్పలుగా వచ్చిపడ్డాయి! పుస్తకం బాగా అమ్ముడుపోయినా ఆయన అప్పులపాలయ్యాడు. పాఠకుల తెలివిని తక్కువ అంచనా వేస్తే అంతే మరి.

తరవాత రచయితలు జాగ్రత్తపడ్డారు. ఆటకు నియమాలు పెట్టుకున్నారు. 1926లో అగాథా క్రిస్టీ రాసిన ‘రోజర్ ఆక్రాయిడ్ హత్య’ ముగింపు చూసి, ఇది న్యాయమా, అన్యాయమా అని పాఠకులు వాదులాడుకున్నారు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే మతగురువు, డిటెక్టివ్ కథలకు పది సూత్రాలు రాశాడు. డిటెక్టివుకు దొరికిన ఆధారం పాఠకుడికీ కనిపించి తీరాలి. దయ్యాలు, భూతాలు వచ్చి చిక్కు విప్పకూడదు. ఎవరికీ తెలియని కొత్త విషం కనిపెట్టకూడదు. ఇలా సాగుతాయి. ఆ ఏడాదే అమెరికాలో ఎలరీ క్వీన్ పేరుతో రాసిన ఇద్దరు అన్నదమ్ముల వరసవాళ్ళు, నవల చివర్లో కథ ఆపి, “ఆధారాలన్నీ మీ ముందున్నాయి, ఇక మీరే చెప్పండి” అని పాఠకులకు సవాలు విసరడం మొదలుపెట్టారు. మన బేతాళుడే మళ్ళీ వచ్చాడన్నమాట! 1930లో లండనులో రచయితలంతా డిటెక్షన్ క్లబ్బు పెట్టుకుని, పాఠకుల దగ్గర ఆధారాలు దాచబోమని ప్రమాణాలు చేశారు.

ఆ ప్రమాణాల వెనక ఉన్న భావాన్ని కొంచెం గమనించండి. చదివే మనిషి ఎవరైనా సరే, పెద్ద ఉద్యోగి అయినా, వంటింట్లో కూర్చున్న ఇల్లాలైనా, ఆధారాల దగ్గర డిటెక్టివుతో సమానం. మన చేతికి అందకుండా ఏదీ దాచకూడదు. తీర్పు చెప్పే హక్కు మనకూ ఉంది. వినడానికి మామూలు మాటే. కాని అవే సంవత్సరాల్లో నల్లగొండ, పాలమూరుల్లో సంగతులు ఎలా ఉన్నాయో చూస్తే అది ఎంత పెద్ద మాటో తెలుస్తుంది.

అప్పుడు ఇక్కడ నిజాం పాలన. చదువూ, కచేరీ అంతా ఉర్దూలో. తెలుగు పుస్తకం దొరకడమే గగనం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. దాన్ని స్థాపించినవారిలో రావిచెట్టు రంగారావుగారు నల్లగొండ ప్రాంతపు మనిషి. ఆయన ఇంట్లోనే అది మొదలైంది. ఆయన భార్య లక్ష్మీనరసమ్మగారు కూడా ఆ గ్రంథాలయానికి అండగా నిలిచారు. 1906లో కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలైనవారు విజ్ఞానచంద్రికా మండలి పెట్టి తెలుగులో చరిత్రలు, శాస్త్ర గ్రంథాలు అచ్చువేయించారు. ఆ లక్ష్మణరావుగారు చిన్నప్పుడు పాఠాలు చదువుకుంటుంటే, పక్కన కూర్చుని అక్షరాలు నేర్చుకున్న అక్కగారే భండారు అచ్చమాంబ. ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసి మన ఆడవాళ్ళ చరిత్రకు శ్రీకారం చుట్టింది ఆవిడే. తమ్ముడి పాఠం పక్కనుంచి విని నేర్చుకోవడం కూడా ఒకరకం పరిశోధనే!

1918లో నల్లగొండ పట్టణంలో షబ్నవీసు వెంకటరామనరసింహారావుగారు ఆంధ్ర సరస్వత నిలయం అనే గ్రంథాలయం పెట్టారు. 1922లో ఆయనే నల్లగొండ నుంచి ‘నీలగిరి’ పత్రిక తెచ్చారు. 1926లో పాలమూరు జిల్లా బిడ్డ సురవరం ప్రతాపరెడ్డిగారు ‘గోలకొండ’ పత్రిక మొదలుపెట్టారు. గ్రంథాలయం అంటే నాలుగు బీరువాలు, ఒక బల్ల, ఒక లాంతరు. అయినా అధికారులకు అది కంట్లో నలుసు. నలుగురు కూడి పుస్తకం చదువుతున్నారంటే ఏదో కుట్ర జరుగుతోందని అనుమానం. గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు ఉండేది. దాని ప్రకారం సభ పెట్టుకోవాలన్నా ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. ఎవరు వచ్చారు, ఏం చదివారు, ఏం మాట్లాడారు అని ఆరాలు. డిటెక్టివ్ నవలలో అనుమానితుడి వెనక నీడలా తిరిగినట్టు, ఇక్కడ చదువరి వెనక తిరిగేవారన్నమాట.

ఆ రోజుల్లోనే 1930లో జోగిపేటలోనూ, మరుసటేడు నల్లగొండ జిల్లా దేవరకొండలోనూ ఆంధ్ర మహాసభలు జరిగాయి. వాటితోపాటే మహిళాసభలూ జరిగాయి. జోగిపేట మహిళాసభకు నడింపల్లి సుందరమ్మగారు అధ్యక్షత వహించారు. లండనులో రచయితలు పాఠకుల హక్కు గురించి ప్రమాణాలు చేసిన 1930వ సంవత్సరం అదే. అక్కడ చదువరి హక్కు ఆటలో నియమం. ఇక్కడ అసలు ఆడపిల్ల చేతికి పలక ఇప్పించడమే ఒక ఉద్యమం.

మరొకాయన్ని చెప్పుకోవాలి. నకిరేకల్ ప్రాంతంలో పుట్టిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు. పేదరికంలో, ఇతరుల ఇళ్ళలో వంటపని చేస్తూ చదువు నేర్చుకున్నారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు తానే మోసుకుంటూ తిరిగి అమ్మారు. జైలుకూ వెళ్ళారు. ఆయన వేసినవి డిటెక్టివ్ నవలలు కావు. కాని ఒక సంగతి మనసులో పెట్టుకోండి. నవలల్లో వంటవాడు కనపడగానే మన అనుమానం అతని మీదికి పోతుంది. ఇక్కడ వంటపని చేసిన పిల్లవాడే ఊరూరికీ పుస్తకం పంచినవాడయ్యాడు.

ఇక తెలుగులో డిటెక్టివ్ నవల సంగతి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెంగాలీలో పాంచ్‌కడీ దే అనే రచయిత నవలలు తెలుగులోకి వచ్చి జనాన్ని ఉర్రూతలూగించాయి. స్వాతంత్ర్యం వచ్చాక కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు ఇంటింటి మనుషులైపోయారు. ఆరుద్రగారంతటి కవి కూడా డిటెక్టివ్ నవలలు రాశారు. 1950ల నుంచి 1980ల దాకా చిన్నసైజు నవలలు బస్‌స్టాండు దుకాణాల్లో తోరణాల్లా వేలాడేవి. పట్టణాల్లో అద్దె లైబ్రరీలు వెలిశాయి. రోజుకు ఇంత అని కట్టి తెచ్చుకోవడం, రేపు ఇవ్వాలి గనుక రాత్రికి రాత్రే చదవడం. ఒకరు పైకి చదువుతుంటే చదువురాని అత్తగారు, పక్కింటి పిన్ని బీడీలు చుట్టుకుంటూనో, పప్పు ఏరుకుంటూనో వినడం. మధ్యలో పొయ్యి మీద ఎసరు మరిగిపోయినా ఎవరికీ పట్టేది కాదు. చదివే ఆవిడ నీళ్ళు తాగడానికి ఆగితే చాలు, ఎవరి అనుమానం వారు చెప్పేవారు. చదవడం రాకపోవచ్చుగాని తీర్పు చెప్పడం రాకపోవడమేముంది?

అద్దె పుస్తకాలతో ఒక చిక్కు. చాలామంది చేతులు మారి చివరి పేజీ ఊడిపోయేది. ఇంకా ఘోరం, ఎవరో మహానుభావుడు మూడో పేజీలోనే పెన్సిలుతో హంతకుడి పేరు రాసిపెట్టేవాడు! చివరి పేజీ లేకపోతేనే నయం. అప్పుడు ఊడిపోయిన పేజీని మనమే కల్పించుకోవాలి గదా. డ్రూడ్ నవలకు కోర్టు పెట్టినవాళ్ళు లండనులోనే ఉన్నారా, మన అరుగుల మీద లేరా?

సరే, మరి ముగింపుకు ముందే పట్టుకోవడం ఎలా? పెద్ద విద్యేమీ కాదు. సంసారం నడిపే ఆడవాళ్ళకు సగం తెలిసే ఉంటుంది.

మొదటిది, ఒక కాగితం మీద ఆ సమయానికి ఎవరు ఎక్కడ ఉన్నారో రాసుకోండి. ‘ఉన్నాను’ అని వారు చెప్పింది వేరు, మరొకరు చూసింది వేరు. ఈ రెండింటినీ కలపకండి. ‘మూన్‌స్టోన్’ కథను ఒక్కరే చెప్పరు. ఇంటి పెద్ద పనివాడు కొంత, ఒక బంధువురాలు కొంత, లాయరు కొంత, ఇలా ఎవరికి తెలిసింది వారే చెప్తారు. అందరూ తమకు తెలిసినంతవరకే చెప్తారు. కొందరు తమకు నచ్చినట్టు చెప్తారు. తోడికోడళ్ళ తగాదాలో ఇద్దరి మాటా విన్నవాళ్ళకు ఈ విద్య కొత్త కాదు.

రెండోది, చిల్లర సంగతుల్ని వదలకండి. రచయిత అసలు ఆధారాన్ని సామాన్ల జాబితా మధ్యలోనో, నవ్వించే మాట వెనకాలో దాచిపెడతాడు. తలుపు రంగు, చాకలి పద్దు అలాంటివే.

మూడోది, జరిగినదాన్నే కాదు, జరగవలసి ఉండీ జరగనిదాన్ని చూడండి. 1892లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ కథ ఒకదానిలో, రాత్రి గుర్రం మాయమైనప్పుడు కుక్క మొరగలేదన్నదే పెద్ద ఆధారం. రోజూ వచ్చే పాలమనిషి ఇవాళ పలకరించలేదంటే ఏదో ఉందని మనం గ్రహించమూ? అదే ఇది.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. మీకు మొదట ఎవరి మీద అనుమానం వచ్చిందో రాసుకుని, పక్కన ఎందుకు వచ్చిందో రాయండి. ఆ రెండో గడి నింపడంలోనే ఉంది కష్టమంతా. “చూపు అదోలా ఉంది”, “పనిమనిషి గనుక”, “ఊరుకాని ఊరువాడు గనుక” అని వచ్చిందనుకోండి, అది ఆధారం కాదు. అది మన అలవాటు. రచయితకు మన అలవాటు తెలుసు. దాన్ని ఎరగా వాడుకుని మనల్ని పక్కదారి పట్టిస్తాడు. నాక్స్‌గారి పది సూత్రాల్లో, కథలోకి చైనావాణ్ణి తేకూడదని ఒక సూత్రం ఉంది. వినడానికి తప్పుగా తోస్తుంది. కాని ఆ రోజుల్లో చవకబారు కథల్లో దుర్మార్గుడంటే చైనావాడే అని రాసి పారేస్తుండేవారు. ఆ సోమరితనాన్ని ఎత్తిపొడవడానికే ఆయన ఆ సూత్రం పెట్టాడు.

ఇక్కడే నవల దాటి మన నేల మీదికి రావాలి. ‘మూన్‌స్టోన్’ 1868లో వచ్చిందన్నాను. ఆ నవలలో ముగ్గురు పరదేశుల్ని, ఒక పనిపిల్లని వేషం చూసి, గతం చూసి అనుమానించడం ఎంత పొరపాటో పాఠకులు చదివి తలలూపారు. సరిగ్గా మూడేళ్ళకు, 1871లో, ఇంగ్లీషు ప్రభుత్వం హిందూదేశంలో నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. కొన్ని కులాలలో పుడితే చాలు, పుట్టుకతో నేరస్థులే! నేరం జరగనక్కరలేదు, సాక్ష్యం అక్కరలేదు. పోలీసు దగ్గర పేరు రాయించుకోవాలి, హాజరు చెప్పుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. డిటెక్టివ్ నవలను తలకిందులుగా చదివినట్టుంది ఇది. చివరి పేజీలో పేరు ముందే రాసిపెట్టి, తరవాత కథ వెతుక్కోవడం. పుస్తకం మూడో పేజీలో పెన్సిలుతో పేరు రాసిన మహానుభావుడి పనే ప్రభుత్వం చేసింది. అక్కడ పాడైంది మన కాలక్షేపం. ఇక్కడ పాడైనవి తరతరాల బతుకులు.

ఆంధ్ర ప్రాంతంలో స్టువర్టుపురం, కావలి, సిద్ధాపురం వంటి సెటిల్‌మెంట్ల పేర్లు చాలామంది విన్నారు. నిజాం రాజ్యంలోనూ ఇటువంటి చట్టమూ, ఇటువంటి సెటిల్‌మెంటూ ఉన్నాయి. మన పాలమూరు జిల్లాలో, అచ్చంపేట వైపు లింగాలలో. ఇప్పుడది నాగర్‌కర్నూలు జిల్లా. ఎరుకల కుటుంబాల వంటివారిని అక్కడ కాపలా మధ్య ఉంచారు. తట్టలు, బుట్టలు అల్లే చేతులవి. ఇంటింటికీ తిరిగి సోది చెప్పే ఆడవాళ్ళు వాళ్ళు. ఊరూరా తిరిగి బతకడమే వాళ్ళ నేరమైంది. స్వాతంత్ర్యం వచ్చిన అయిదేళ్ళకు, 1952 ఆగస్టు 31న, దేశమంతటా ఆ చట్టం రద్దయింది. ఆ కులాలవారు ఆ రోజును విముక్తి దినంగా జరుపుకుంటారు. కాగితం మీద చట్టం పోయింది. మన నోటి చివర నుంచి పోయిందా?

ఇంట్లో వెండి గ్లాసు కనపడలేదనుకోండి. మొదట ఎవరి పేరు వస్తుంది? అంట్లు తోమే మనిషిదా, పెళ్ళికి వచ్చి వెళ్ళిన చుట్టానిదా? ఊళ్ళో దొంగతనం జరిగితే మొదట ఎవరి గుడిసె వెతుకుతారు? నాలుగు రోజుల తరవాత గ్లాసు బియ్యం డబ్బాలో దొరుకుతుంది. ఈలోగా ఆ మనిషి పని పోతుంది, పరువు పోతుంది, వాడకట్టులో ఇంకెవరూ రానివ్వరు. నవలలో తప్పుడు మనిషిని అనుమానిస్తే చివరి పేజీ దిద్దుతుంది. బతుకులో దిద్దే చివరి పేజీ ఉండదు. ‘మూన్‌స్టోన్’ లోని ఆ పనిపిల్ల కథ చదివినవాళ్ళకు నేనేమంటున్నానో తెలుసు. ఆ నవలలో మనల్ని ఏడిపించేది వజ్రం పోయినవాళ్ళు కారు, ఆ పిల్ల.

అందుకే ఈ ఆటను తేలిగ్గా చూడవద్దంటాను. మన అవ్వలకు అక్షరం రానివ్వలేదు. మన తాతలు పుస్తకం పట్టుకుంటే అనుమానించారు. 2011 జనాభా లెక్కల్లో కూడా పాత మహబూబ్‌నగర్ జిల్లాలో చదవడం, రాయడం వచ్చినవాళ్ళు నూటికి 55 మందే, ఆడవాళ్ళలో అయితే సగంకన్నా తక్కువే. ఇంత ఆలస్యంగా, ఇంత కష్టపడి మన చేతికి వచ్చింది ఆధారాలు చూసి తీర్పు చెప్పే హక్కు. ఒకప్పుడు అనుమానితులుగా ఉన్నవాళ్ళకు అనుమానించే అధికారం వచ్చినప్పుడు, దాన్ని ఎలా వాడాలో అందరికన్నా బాగా తెలిసి ఉండాలి.

ఈసారి డిటెక్టివ్ నవల మీ చేతికి వస్తే ఇలా చేసి చూడండి. చివరి అధ్యాయం ముందు ఆగండి. ఇంట్లో ఎవరెవరు విన్నారో అందరిచేతా, పిల్లలచేతా, చదువురాని పెద్దవాళ్ళచేతా కూడా ఒక్కొక్క పేరు చెప్పించండి. పేరుతోపాటు కారణం కూడా చెప్పమనండి. కారణం చెప్పలేనివారి మాట లెక్కలోకి తీసుకోకండి, వాళ్ళు ఇంటి యజమాని అయినా సరే! అన్నీ చీటీల మీద రాసి పుస్తకంలో పెట్టాక పేజీ తిప్పండి. ఎవరి జవాబు సరైతే వాళ్ళకు ఆ పూట అంట్లు తోమే పని తప్పించండి.

సెలవు.